పొలంక పిట్టలు నీళ్లకొచ్చే జాగ

చెప్పుకుంటే సిగ్గు గని, నేను గీ నడకకు పిట్టల కోసం పోలే. రషీద్ నోట్లకెళ్లి నా పేరు వస్తదా రాదా ఇనెటందుకు పోయిన.

రషీద్ బోధన్ల టైలరు. నాది నిజామాబాద్ కంఠేశ్వర్ల కండ్లద్దాల దుకాణం. పన్నెండేండ్ల కింద నేను కొత్త బైనాక్యులర్ కొనుక్కొని పాతది వాని చేతుల పెట్టి, ఆదివారమొస్తే చాలు నా స్కూటర్ ఎన్క కూసోబెట్టుకొని బీళ్లు, వాగులు తిప్పిన. చందూర్ దిక్కు ఒక వాగు మలుపుంటది. పొద్దుగాల తొమ్మిదింటికి పొలంక పిట్టలు నీళ్లు తాగుటానికి గుంపులు గుంపులు దిగుతయ్. ఆ జాగ వానికి సూపెట్టిందే నేను. "ఇది నేను కనిపెట్టిన జాగ రషీద్, ఎవ్వనికీ చెప్పకు" అన్న. "సుబానల్లా శీనన్నా" అని వాడు నోరు తెరిచిండు.

తర్వాత ఆదివారాలు గూడ దుకాణం తెరుసుడు మొదలువెట్టిన. తిరుగుడు బందైంది. రెండేండ్ల సంది మా ఇద్దరికి ఫోన్ల పండుగ ముబారక్‌లే. గీ మధ్య ఒక గిరాకీ చదువుకునే అద్దాలు పెట్టుకొని, కనబడుతున్నదా లేదా చూసెటందుకు తన ఫోన్ల అక్షరాలు పైకి చదివిండు: "బీడు నుంచి వాగు దాక. రషీద్ భాయ్‌తో పొద్దటి నడక. మనిషికి నాలుగు వందలు, చాయ్ నాష్తా కలిపి. ముదురు రంగు బట్టలు వద్దు." కింద ఫోటో. రషీద్ నవ్వుతున్నడు, మెడల నా పాత బైనాక్యులర్.

గా రోజు నాకు అన్నం పోలేదు. సొమ్మొకడిది, సోకొకడిది! హైదరాబాద్ నుంచి జనం వచ్చి వాని ఎన్క నడుస్తున్నరట. కామెంట్లల్ల "రషీద్ భాయ్ గ్రేట్" అని చప్పట్లు. నేను మొత్తం చదివిన, రెండుసార్లు. నా పేరు ఎక్కడ లేదు. నా పెండ్లాం అనిత చూసి చూసి, "కడుపుల మంటకు మజ్జిగున్నది గని నీ కుళ్లుకు మందు లేదు. పోయి ఒకసారి చూసిరా" అన్నది. నాకూ అదే తోచింది. గని నా పేరు మీద డబ్బులు కడితే వాడు "అన్నా నీకు పైసలేంది" అని ఫోన్ చేస్తడు. అందుకని అనిత ఫోన్ల నుంచి, అనిత పేరు మీద కట్టిన.

ఆదివారం పొద్దుగాల నాలుగు యాభైకి ఇంట్లకెళ్లి ఎల్లిన. చలి ఇంక పోలే. ఆటో బస్టాండుకు యాభై అడిగిండు, నలభైకి ఒప్పుకున్నడు. ఐదుంబావుకు బోధన్ బస్సు. ఎన్క సీట్ల పసుపు ఉడకబెట్టిన వాసనతోని ఇద్దరు ఆడోళ్లు జీరో టికెట్లు పట్టుకొని నిద్ర పోతున్నరు. నా పక్కపొంటి చందూర్ రైతు ఒకాయన, తొడ మీద కొత్త నైలాన్ తాడు చుట్ట.

"ఎటు పోతున్నవే?" అన్నడు.

"పిట్టలు చూసెటందుకు."

"పైసలిచ్చా?"

"నాలుగు వందలు."

ఆయన తాడు చుట్ట సర్దుకున్నడు. "మా చేన్లకు రారాదు, ఉత్తగనే సూపెడుత. పిట్టలను కొట్టుకపోను గూడ రావచ్చు, వరి అంత తింటున్నయ్."

జానకంపేట దాటినంక తెల్లారుడు మొదలైంది. ఎడపల్లి కాడ చెరుకు ట్రాక్టర్ ఒకటి అడ్డమొచ్చి బస్సు ఐదు నిమిషాలు ఆగింది. ఒకప్పుడు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచినప్పుడు ఈ తొవ్వంత ట్రాక్టర్లే. ఇప్పుడు ఒకటి కనబడితే డ్రైవర్ గూడ తల బయట పెట్టి చూసిండు.

ఆరు పదికి బోధన్. బస్టాండు ముంగట ఇరానీ చాయ్ తాగిన, పదిహేను రూపాయలు. రెండు గుటకలకే గ్లాసు ఖాళీ, గని చిక్కగుంటది. పోయేటోళ్లు ఆడ తాగుండ్రి, రషీద్ పోసే చాయ్‌ల నీళ్లెక్కువ. గీ మాట నేను కుళ్లుతోని అంటలేను, నిజమే.

తుఫాన్ బండి కాడ ఎనిమిది మందిమి జమైనం. రషీద్ గడ్డం నెరిసింది. బైనాక్యులర్‌కు కొత్త పట్టీ కుట్టుకున్నడు, డబుల్ కుట్టు, మెడ కాడ మెత్తటి గుడ్డ. నేను మఫ్లర్ ముక్కు దాక గుంజి ఎన్క నిలవడ్డ. వాడు కాయితం చూసుకుంట ఒక్కొక్క పేరు పిలుస్తున్నడు. హైదరాబాద్ నుంచి వచ్చిన కెమెరా మేడం, మాక్లూర్ రిటైర్డ్ సారు, ఇంకా కొందరు. ఆఖరుకు, "అనిత మేడం! అనిత మేడం వచ్చిండ్రా?"

ఎవ్వరు పలకలే. మూడోసారి పిలిచినంక చెయ్యి లేపిన.

రషీద్ నన్ను చూసిండు. కండ్లు చిన్నగైనయ్, పెద్దగైనయ్. "అరె శీనన్నా!" అని ఉరికొచ్చి కావలించుకున్నడు. అందరు నవ్విండ్రు. నా పేరు ఇనెటందుకు పోతే పొద్దుగాల పొద్దుగాల ఇన్నది నా పెండ్లాం పేరు. ఇగ చెప్తడు, ఇప్పుడన్న చెప్తడు, 'నాకు పిట్టలు నేర్పిన గురువు ఈయనే' అని అంటడని చూసిన. "మా పాత దోస్తు" అన్నడు, బండి ఎక్కిండు. గంతే.

ఆరు యాభైకి రోడ్డు దిగి బీట్ల నిలవడ్డం. ఊరి పేరు రాయను, పిట్టలకు మంచిది గాదు. ఎర్ర మొరం నేల, ఆడాడ తుమ్మ చెట్లు, మోకాలెత్తు ఎండుగడ్డి. పొద్దు అడ్డంగ పడేసరికి గడ్డంత బంగారం రంగు తిరిగింది. ప్యాంటుకు ముల్లుగడ్డి గుచ్చుకుంటది, లోపలికి పోతే నడిచినకొద్ది కుచ్చుతది. బూట్లు, మందం ప్యాంటు ఏసుకొని పోండ్రి.

రషీద్ వంగి గడ్డి దుబ్బు ఒకటి వేళ్లతోని ఇడదీసి సూపెట్టిండు. లోపల చిన్న బుర్రపిట్ట గూడు, గరిట గుంత అంత. "గీ గడ్డి నేలకు అస్తరు మేడం, కోటు లోపలి గుడ్డ లెక్క. పై గుడ్డ ఎంత మంచిదైన, అస్తరు పీకేస్తే కోటు రెండు నెలలు నిలవదు. మనోళ్లు బీడు అంటే ఉత్త జాగ అనుకొని దున్నేస్తరు." మేడం నోట్‌బుక్‌ల రాసుకున్నది. మాక్లూర్ సారు "వాహ్" అన్నడు. నాకు మండింది. పన్నెండేండ్లల్ల గా మాట నాకెందుకు తట్టలే? కుట్టు మిషన్ నా దగ్గర లేకపాయె.

పిల్లిగద్ద ఒకటి గడ్డి మీద నుంచి రెక్క కదపకుంట ఎల్లింది. వాడు చెయ్యెత్తే లోపలే నేను "పిల్లిగద్ద! చలికాలం పక్షి!" అని ఒర్రిన. అది ఉలిక్కిపడి అటు తిరిగి పోయింది. "శీనన్న కండ్లు తేజ్" అన్నడు రషీద్ నవ్వుకుంట. నాకు గా నవ్వు గూడ నచ్చలే.

ఏడున్నరకు దూరం తుమ్మల కాడ కౌజు అరిచింది. రషీద్ ఆగిండు. వాళ్ల తాత కౌజులు పట్టేటోడట, గది చెప్పిండు. సాదిన కౌజును బుట్టల పెట్టి బీట్ల ఉంచుతడు, చుట్టు ఉచ్చులు. బుట్టల పిట్ట అరుస్తది. ఆ బీడు నాదే అనుకునే అడవి కౌజు ఇంటది, రెచ్చిపోయి కొట్లాటకు ఉరికొస్తది, ఉచ్చుల కాలు పడ్తది.

"గింజలు ఎయ్యరా?" అని మేడం అడిగింది.

"గింజలెందుకు మేడం? కడుపు నిండిన పిట్ట గూడ వస్తది. ఆకలికి రాదది, కుళ్లుకొస్తది." అందరు నవ్విండ్రు. "ఇప్పుడు పట్టుడు నేరం. తాత బుట్టల ఇప్పుడు మా ఇంట్ల ఎల్లిగడ్డలు ఏస్తం" అన్నడు.

నేను నవ్వలే. నాలుగు వందలు కట్టి, పెండ్లాం పేరు పెట్టుకొని, తెల్లారుగట్ల ముప్పై కిలోమీటర్లు వచ్చినోన్ని. ఏమని నవ్వాలె?

ఎనిమిదింటికి తుమ్మచెట్టు కింద నాష్తా. జొన్నరొట్టె, పల్లికారం, ఉడకబెట్టిన గుడ్లు. రొట్టెలు రషీద్ వాళ్ల అమ్మీ చేసిందట, మెత్తగున్నయ్. రెండు అనుకొని మూడు తిన్న. తినుకుంట వాడు వాగు గురించి చెప్పుడు షురూ చేసిండు. "బీట్ల నీళ్లుండవు. ఇక్కడి పిట్టలు కొన్ని ఎండు గింజలే తింటయి గనక రోజు వాగుకు పోవాలె. వాటిని మా తాత భట్‌తీతర్ అంటుండె, ఈడోళ్లు పొలంక పిట్ట అంటరు. తొమ్మిదింటికి ఒక్క జాగల దిగుతయ్. ఆ జాగ..." అని ఆగిండు. నా చేతుల రొట్టె ఆగింది. వాడు నా దిక్కు చూసిండు, కింద చూసిండు. "ఆ జాగ చాన ఏండ్ల సంది ఉన్నది. పదుండ్రి."

చాన ఏండ్ల సంది ఉన్నదట! మొలిచిందా అది? ఏరు దాటి తెప్ప తగలేసుడంటే గిదే. నాకు కాళ్ల నుంచి నెత్తి దాక మండింది. బీడు దిగి వాగు ఒడ్డు చేరేసరికి ఎనిమిది నలభై. మద్ది చెట్ల నీడ, ఈత చెట్లు, తుంగ, నీళ్ల మీద తూనీగలు. చలి మల్ల తగిలింది. లకుముకి పిట్ట నీలంగ మెరిసి పోయింది. రషీద్ అందరిని ఈతపొదల ఎన్క ఆపి, "మలుపు కాడ ఇసుక దిబ్బ. నిమ్మళంగ పోదాం, నేను చెప్పినంక" అంటున్నడు.

"నాకు తెల్సు ఆడికి పోవుడు. నువ్వు పుట్టించిన జాగేం గాదు" అన్న. అందరు ఇన్నరు. ఆగకుంట ముందలికి నడిచి ఇసుక దిబ్బ మీద పోయి నిలవడ్డ, ఇంటి యజమాని అరుగు మీద నిలవడ్డట్టు. ఒంటి మీద ముదురు నీలం జర్కిన్. ముదురు రంగు వద్దని రాసినోడు వాడే గదా, అందుకే అదే ఏసుకొని పోయిన.

తొమ్మిదికి రెండు నిమిషాలు తక్కువుండంగ బీడు మీద నుంచి సప్పుడొచ్చింది. కుట్-రో, కుట్-రో. ముప్పై నలభై పిట్టలు, కోసు రెక్కలు, బాణం లెక్క ఉరుకుడు. నెత్తి మీద ఒక సుట్టు తిరిగినయ్. నేను కదలకుంటే దిగుతయనుకున్న. రెండో సుట్టు తిరిగినయ్. నన్ను చూసినయ్. అంతే, ఎట్ల వచ్చినయో అట్లనే బీడు దిక్కు పోయినయ్.

పొదల ఎన్కకెళ్లి మేడం గొంతు వినబడ్డది. "అయిపోయిందా? ఇంక రావా? నేను రాత్రంత బస్సుల కూసొని వచ్చిన."

రషీద్ ఒక్క మాట అంటే బాగుండు. తిడితే నేను తిడుతుంటి. "వస్తయ్ మేడం, నీళ్ల దూప ఎటు పోతది" అన్నడు, నా దిక్కు చూడకుంట.

అప్పుడు అవతలి ఒడ్డు నుంచి గొర్లు దిగినయ్. వాటి ఎన్క ఒక ముసలవ్వ, నెత్తి మీద గొంగడి కొప్పెర, చేతుల కర్ర, ముక్కు మీద అద్దాలు. నేను అద్దాల దుకాణపోన్ని గదా, ముందుగాల ఫ్రేమే కనబడ్డది. నా దుకాణం ఫ్రేము గాదది.

ఆమె వాగుల అడుగువెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "ఏందయ్యా అద్దాల సారూ! మల్ల గట్లనే నిలవడ్డవా మొద్దు లెక్క? గొర్ల నడుమ కూసోమని గప్పుడే చెప్తి గదా నీకు? గీ జాగ సూపెట్టిన నాడే చెప్తి. మర్సినవా?"

ఏడు జతల కండ్లు పొదల మీది నుంచి నన్నే చూస్తున్నయ్. రషీద్ ఒక్కడు నీళ్ల దిక్కు చూస్తున్నడు.

అన్ని యాదికొచ్చినయ్. పన్నెండేండ్ల కింద ఒక మధ్యాహ్నం, గీ వాగుల స్కూటర్ పంక్చర్, నేను దూపతోని కూలవడితే గీ అవ్వ తన సీసాల నీళ్లు పోసింది. "పిట్టలు చూస్తవా బిడ్డా? రేపు పొద్దుగాల రా, సూపెడుత" అన్నది. తెల్లారి వచ్చిన. ఆమె గొర్ల నడుమ కూసోబెట్టి సూపెట్టింది. నాకు సంబురమైంది. "అవ్వా, నీకు సూపు మసక కదా, వచ్చే వారం అద్దాలు తెస్త" అన్న. ఆ వచ్చే వారమే రషీద్‌ను తీసుకొచ్చిన. అవ్వ కనబడకపాయె, తర్వాత గూడ నేను ఎతకలే. నేను కనిపెట్టిన అని చెప్పిన. అప్పటి సంది అదే చెప్పుకుంట, చెప్పుకుంట, నాకే నిజమైపోయింది.

"అద్దాలు తెస్తనంటివి" అన్నది అవ్వ. కోపంగ గాదు, నవ్వుకుంటనే. "గా రషీదు తెచ్చిచ్చిండు గని." తర్వాత పొదల దిక్కు చెయ్యి ఊపింది. "రాండ్రి బిడ్డా, ఆడ పొదల్ల ఏం కనబడ్తది? గొర్ల ఎన్క కూసోండ్రి. గవి గొర్లకు భయపడవు. నువ్వు గా నీలంది ఇప్పెయ్యి."

జర్కిన్ ఇప్పి చంకల పెట్టుకున్న. అందరం గొర్ల నడుమ కుక్కినట్టు కూసున్నం, గొర్రె వాసన, ముంజేతికి తడి మూతి. తొమ్మిది ఇరవైకి మల్ల కుట్-రో, కుట్-రో. ఈసారి సుట్టు తిరగలే, నేరుగ ఇసుక మీద దిగినయ్, పది గజాల దూరంల. పొట్ట కింద చిక్కటి గోధుమరంగు, మెడ కింద సన్నటి నల్లగీత. ఉరికి నీళ్లల్ల ముక్కు పెట్టినయ్. మగ పిట్ట ఒకటి పొట్ట దాక నీళ్లల్ల దిగి, ఈకలు ఇప్పుకొని, అటు ఇటు ఊగుకుంట కూసున్నది.

"బీట్ల పిల్లలున్నయ్ దానికి" అన్నడు రషీద్ చెవుల చెప్పినట్టు. "పొట్ట ఈకల నీళ్లు నింపుకొని పోతది. పిల్లలు ఆ ఈకలు చీకి దూప తీర్చుకుంటయ్."

మేడం కెమెరా టకటక కొడుతున్నది, ఆమె చెంపల మీద నీళ్లు. నా బైనాక్యులర్‌ల గూడ మసక. అద్దాలు తుడిచిన, మసక పోలే.

పదిన్నరకు ఎన్కకు తిరిగినం. పోయేటప్పుడు అవ్వకు దండం పెట్టిన. "మల్ల రా అద్దాల సారూ, ఈసారి కూసొని చూడు" అన్నది. బండిల మేడం జరిగి నాకు జాగిచ్చింది. గదే ఎక్కువ బాధైంది. పదకొండు నలభైకి బోధన్ల దిగినం. రషీద్ నా భుజం మీద చెయ్యేసి "అన్నం తినిపో అన్నా" అన్నడు. పని ఉన్నదని అబద్ధమాడి ఎల్లొచ్చిన. బస్టాండు పక్క హోటల్ల ఎనభై రూపాయల భోజనం ఒక్కన్నే తిన్న, పప్పుల ఉప్పు లేదు.

పన్నెండుంబావు బస్సు. కిటికీ పక్కన సీటు దొరికింది. ఎడపల్లి రాకముందే ఆగలేక ఫోన్ చేసిన.

"రషీద్, నీకెప్పటి సంది తెల్సు?"

అటు మిషన్ సప్పుడు ఆగింది. ఆదివారం గూడ కుడుతున్నడు. "ఆరేండ్లాయె అన్నా. అవ్వే చెప్పింది."

"మరి నన్నెందుకు అడగలే?"

"ఏమని అడగాలె?" అన్నడు. "ప్రతి నడకల జాగ కాడికొచ్చేసరికి నాకు నాలిక ఆగుతది. నీ పేరు చెప్తే అబద్ధమాయె. ఆమె పేరు చెప్తే నువ్వు అబద్ధమాయె. అందుకే ఎవ్వరి పేరు చెప్పకుంట దాటేస్తున్న. అవ్వకు గూడ అన్యాయమే అది."

ముంగటి సీట్ల ఒకామె మరాఠీల బిడ్డను ఊకుంచుతున్నది.

"అవ్వ పేరేంది రషీద్?"

"సాయవ్వ. నీకు తెల్వదా?"

తెల్వదు. పొద్దుగాల సంది నా పేరు నా పేరు అని ఉడుక్కున్నోన్ని, పన్నెండేండ్లల్ల ఆమె పేరు అడగలే. చూసిండ్రా, అది గూడ వానికే తెల్సు.

"వచ్చే ఆదివారం నుంచి చెప్పు. గీ జాగ సాయవ్వ సూపెట్టింది అని అందరి ముంగట చెప్పు. నేను చెప్పమన్ననని చెప్పు."

"నువ్వు చెప్పమన్నవని చెప్పాల్నా?" వాని గొంతుల నవ్వు దొర్లింది. "అంటే నీ పేరు గూడనా?"

"ఎహె, ఫోన్ పెట్టెయ్" అన్న.

ఒంటిగంటంబావుకు ఇల్లు చేరిన. అంత కలిపితే నాలుగు వందలు గాక ఇంకో రెండొందల డెబ్బై ఖర్చు. పోవాలనుకునేటోళ్లు చలికాలం పోవుడు ముందుగాల పోండ్రి, తెలుపు గాని మట్టిరంగు గాని బట్టలేసుకోండ్రి, సాయవ్వ చెప్పినట్టు గొర్ల నడుమ కూసోండ్రి. మీకు సూపెట్టినోళ్ల పేరు అడిగి రాసుకోండ్రి. ఇంకొక్కటి. వాగు మలుపు కాడ రషీద్ ఆగుతడు, సాయవ్వ పేరు చెప్తడు. ఆ తర్వాత ఇంకో పేరేమన్న చెప్తడేమో చెవి పెట్టి ఇనుండ్రి. చెప్పిండా లేదా, కంఠేశ్వర్ మీదికెళ్లి పోయేటప్పుడు దుకాణం కాడ ఆగి నాకొక్క మాట చెప్పి పోండ్రి.